ఊరికే కూర్చున్న గవరయ్య

గుమ్మడిపేట మునిసిపాలిటీలో పనిచేస్తున్న మాకందరికీ తలా ఒక జీవితం ఉందని, దానికో పరమార్థం కూడా ఉండి తీరాలని పైవాళ్ళకు ఉన్నట్టుండి తెలిసింది. తెలిసిన వెంటనే సర్క్యులర్ పంపారు. మా కమిషనర్ వైకుంఠరావు గారు మమ్మల్నందరినీ మీటింగు హాల్లో నిలబెట్టి దాన్ని స్వయంగా చదివి వినిపించారు. కుర్చీలు లేక కాదు. పరమార్థం గురించి కూర్చుని వినడం మర్యాద కాదని ఆయన అభిప్రాయం.

"విషయము: సార్థక జీవన కార్యక్రమము. తెలియజేయడమేమనగా, ప్రతి ఉద్యోగియు తనయందు నిద్రాణమై యున్న అభిరుచిని ఈ నెలాఖరులోగా కనుగొని, తన్మూలముగా జీవిత పరమార్థమును స్థిరపరచుకొని, సదరు విషయమును కార్యాలయమునకు తెలుపవలెను. అభిరుచి లేని ఉద్యోగి సీటులో ఉన్నప్పటికీ ఆ పోస్టు ఖాళీగా ఉన్నట్లే పరిగణింపబడును. అట్టివారు ఆత్మాన్వేషణ నిమిత్తము జిల్లా కేంద్రమునకు డిప్యుటేషన్‌పై పంపబడుదురు."

"అక్కడేం చేస్తారు సార్?" అని రెవెన్యూ ఇన్‌స్పెక్టరు భయంగా అడిగాడు.

"మిమ్మల్ని మీరు వెతుక్కుంటారు. దొరికేదాకా తిరిగి రాకూడదు," అన్నారు కమిషనర్ గారు.

ఆ మాటతో ఆఫీసులో అందరికీ అభిరుచులు పుట్టుకొచ్చాయి. రెవెన్యూ ఇన్‌స్పెక్టరు తెలివైనవాడు. గుమ్మడిపేట చుట్టుపక్కల ఎక్కడా కొండ లేదు గనుక తన అభిరుచి పర్వతారోహణ అని రాసిచ్చాడు. ఆఫీసు వారం తిరక్కుండా అతనికి తాడు కొనిచ్చి, కొండకు బదులుగా మంచినీళ్ళ ట్యాంకును మంజూరు చేసింది. అప్పటినుంచీ ప్రతి శనివారం ట్యాంకు మీదనుంచి అతని కేకలు మార్కెట్టుదాకా వినిపించేవి. పన్ను కట్టనివాళ్ళు కూడా జాలిపడి కొన్నాళ్ళు కట్టారు.

నా పేరు కూర్మారావు. జనన మరణాల సెక్షన్. నేను కూడా తెలివైనవాణ్ణే అనుకుని, ఊళ్ళో ఎవరి దగ్గరా లేదని వయొలిన్ అని రాశాను. తెప్పించారు. పబ్లిక్ వేళల్లోనే సాధన చెయ్యాలని ఉత్తర్వు కూడా ఇచ్చారు. మరణ ధ్రువపత్రం కోసం వచ్చినవాళ్ళు నా వాయిద్యం విని, ఇది తమకోసం ఆఫీసు చేసిన ఏర్పాటే అనుకుని కళ్ళు తుడుచుకునేవారు. జనన ధ్రువపత్రాలకి వచ్చిన పసిపిల్లలు మాత్రం నా సంగీతాన్ని సరిగ్గానే అంచనా వేశారు.

నెలాఖరు దగ్గరపడేసరికి ఆఫీసులో అభిరుచి లేని మనిషి ఒక్కడే మిగిలాడు. నా పక్క సీటు గవరయ్య. అర్జీల సెక్షన్లో సీనియర్ అసిస్టెంటు. మంచివాడు. ఒకరి జోలికి పోడు. సాయంత్రం ఆఫీసు వదలగానే ఊరి చివర కాలవ మీదున్న కల్వర్టు దగ్గరకు వెళ్ళి, గోడమీద కూర్చుని, చీకటిపడ్డాక లేచి ఇంటికెళ్ళేవాడు. ఉద్యోగంలో చేరినప్పటినుంచీ అంతే.

"ఏదో ఒకటి రాసిచ్చెయ్ గవరయ్యా. బొమ్మలెయ్యడం అను," అన్నాను.

"నాకు రాదు కదండీ."

"ఎవరికొచ్చు? నాకు వయొలిన్ వచ్చా?"

"అది రోజూ వింటన్నాను కదండీ," అని తలదించుకున్నాడు. "జిల్లాకి పంపేస్తే ఎలాగండి కూర్మారావు గారూ? సాయంత్రం కల్వర్టు ఉండదు కదా అక్కడ."

అతని భయమంతా అదే. ఆ గంట పోతుందని. నాకు నవ్వొచ్చింది కానీ అతని మొహం చూసి నవ్వలేదు.

అభిరుచి లేనివాళ్ళకి ఆఖరి అవకాశంగా పైనుంచి ఒక నిపుణుణ్ణి పంపారు. పేరు చిన్మయ్. హోదా జీవనోద్దేశ శిల్పి. చదువంతా ఇంగ్లీషులో సాగినవాడు గనుక, తెలుగు మాటను ముందు ముక్కలు చేసి, ముక్కల్ని మళ్ళీ అతికించి అర్థం చేసుకునేవాడు. మీటింగు హాల్లో కమిషనర్ గారు, చిన్మయ్ గారు ఒకవైపు కూర్చుంటే, గవరయ్య ఎదురుగా నిలబడ్డాడు. దస్తూరి బాగుంటుందని మినిట్స్ రాయడానికి నన్ను కూర్చోబెట్టారు.

చిన్మయ్ గారు కళ్ళు మూసుకుని మొదలుపెట్టారు. "పొద్దున్నే మిమ్మల్ని మంచం మీదనుంచి లేపి పరుగెత్తించేది ఏది?"

"కుళాయండి," అన్నాడు గవరయ్య. "మా ఈదిలో తెల్లారకుండానే కట్టేస్తారు."

కమిషనర్ గారు దగ్గారు. చిన్మయ్ గారు కళ్ళు తెరవలేదు.

"ఆఫీసు అయ్యాక ఏం చేస్తారు?"

"కల్వర్టు గోడమీద కూర్చుంటానండి."

"ధ్యానమా?"

"లేదండి. కళ్ళు తెరిచే ఉంటాను."

"ఏం చూస్తారు?"

"ఏది కనబడితే అదేనండి. కాలవలో బాతులొస్తాయి. ట్రాక్టర్లెళ్తాయి. చీకటి పడితే లేచొచ్చేస్తానండి."

"ఇన్నేళ్ళుగా! దేనికి? ఈ కూర్చోవడమంతా దేనికి?"

"ఊరికే అండి," అన్నాడు గవరయ్య.

చిన్మయ్ గారు కళ్ళు తెరిచారు. "దేనికన్నారు?"

"ఊరికే."

"మీ కోసం కాదు? మీ ఇంటికి కాదు?"

"అబ్బే, దేనికీ కాదండీ. ఊరికేనండి."

చిన్మయ్ గారు లేచి వెళ్ళి, సుద్దముక్క తీసుకుని, నల్లబల్ల మీద రాశారు. ఊరు, కి, ఏ. ఒక్కొక్క ముక్క కింద గీత గీశారు. వెనక్కి తిరిగేసరికి ఆయన కళ్ళల్లో నీళ్ళున్నాయి. "ఇంటికే అనలేదు. నాకే అనలేదు. ఊరికే! సార్, దేశమంతా తిరిగాను. తన సాయంత్రాలన్నీ ఊరికే ఇచ్చేసిన మనిషిని ఇప్పుడు చూశాను."

గవరయ్య బిత్తరపోయి నావైపు చూశాడు. నేను కమిషనర్ గారి వైపు చూశాను. కమిషనర్ గారికి తెలుగు బాగానే వచ్చు. ఆయనది గుమ్మడిపేట పక్కనే. కాని నెలాఖరులోగా ఒక ఆదర్శ ఉద్యోగి పేరు పంపాలని పైనుంచి రోజూ ఫోన్లొస్తున్నాయి. ట్యాంకు మీద కేకలేస్తున్న ఇన్‌స్పెక్టరునూ, నన్నూ పంపే ధైర్యం ఆయనకు లేదు. నల్లబల్లను ఒకసారి, గవరయ్యను ఒకసారి చూసి, లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

"అది కాదండీ," అన్నాడు గవరయ్య. "ఊరికే అంటే..."

"వినయం! రాయండి కూర్మారావు గారూ, వినయం కూడా రాయండి," అన్నారు కమిషనర్ గారు.

రాశాను.

గవరయ్యకు సన్మానం జరిగింది. శాలువా కప్పాక మాట్లాడమని మైకిచ్చారు. అతనికి ఏం మాట్లాడాలో తోచక అలాగే నిలబడిపోయాడు. అదే అతని సందేశమని చిన్మయ్ గారు సభకు వివరించారు. జిల్లాకు పంపరని తేలాక గవరయ్య మామూలుగా సాయంత్రం కల్వర్టు దగ్గరికి పోయాడు. గండం గడిచిందని నేనూ సంతోషించాను.

మర్నాటికి అక్కడ సర్వేయర్లు దిగారు.

'ఊరికే' పథకం కింద కల్వర్టును అభివృద్ధి చెయ్యాలని నిర్ణయమైంది. గవరయ్య కూర్చున్న గోడరాళ్ళు పాతవైపోయాయని పెకలించి కాలవ గట్టు పక్కన పారేశారు. వాటి స్థానంలో నున్నటి గ్రానైటు వేశారు. చుట్టూ స్టీలు రెయిలింగు, ముందర ఆర్చి, ఆర్చి మీద 'ఊరికే కేంద్రము' అని పెద్దక్షరాలు. ట్రాక్టర్ల దుమ్ము పరమార్థానికి అడ్డమని వాటిని వేరే దారికి మళ్ళించారు. ప్రారంభోత్సవం రోజు మైకు మోతకు బాతులు లేచిపోయాయి. మర్నాడు కూడా రాకపోయేసరికి, అవి కేంద్రంలో అంతర్భాగమని గుర్తించి, సిమెంటు బాతులు చేయించి కాలవలో దింపారు.

"కూర్చొనుట అనునది బాహ్యక్రియ మాత్రమే," అన్నారు కమిషనర్ గారు ప్రారంభోత్సవ సభలో. "కూర్చొనువాని అంతరంగమందు ఊరు కూర్చొనియుండును. కావున ఇకమీదట సిబ్బంది యావన్మందియు విడతలవారీగా ఇచ్చట ఊరికే కూర్చొనవలెను."

అలా మాకు ఊరికే కూర్చునే డ్యూటీ పడింది. వెళ్ళగానే మెషీన్లో వేలిముద్ర, లేచేటప్పుడు మళ్ళీ వేలిముద్ర. మధ్యలో కాలు మార్చుకుంటే ఏకాగ్రత లోపంగా గుర్తించేవారు. ఆర్చి పక్కన ఒక బోర్డు పెట్టారు: 'అనుమతి లేకుండా ఇచ్చట ఊరికే కూర్చొనరాదు.' దారినపోయేవాళ్ళు అది చదివి భయపడి నిలబడేవారు. నిలబడితే, ఏ ప్రయోజనం కోసం నిలబడ్డారని వాచ్‌మన్ అడిగేవాడు.

గవరయ్యకు ముఖ్య ఆసీన అధికారి అనే పోస్టు ఇచ్చారు. అతను మధ్యలో, మేము రెండు పక్కలా. ఎదురుగా సిమెంటు బాతులు. పక్క మునిసిపాలిటీలనుంచి బస్సుల్లో వచ్చి చూసి వెళ్ళేవారు. ఒకాయన గవరయ్య వీపును చాలాసేపు పరిశీలించి, ఆ వంపులో సేవాభావం ఉందన్నాడు. గత మాసం కూర్చున్నదానికంటే ఈ మాసం కూర్చున్నది ఎంత మెరుగో నివేదిక ఇమ్మని పైనుంచి అడిగితే, గవరయ్య రాయలేక నా దగ్గరకొచ్చాడు. ఇద్దరం కలిసి ఆలోచించి 'సంతృప్తికరము' అని రాశాం. చాలదని, లక్ష్యాన్ని పెంచమని తిప్పి పంపారు.

ఆ తరవాత గవరయ్య కొన్నాళ్ళు ఆఫీసుకు రాలేదు. చూసొద్దామని వాళ్ళింటికెళ్ళాను. అతని భార్య సూరీడమ్మ వీధరుగు మీద చింతపండు గింజలు తీస్తోంది.

"రండి బాబూ. లోనున్నాడు. మంచమ్మీద గోడకేసి తిరిగి పడుకున్నాడు."

"ఒంట్లో బాగోలేదా?"

"ఒంటికేటండి, బాగానే ఉంది." ఆవిడ చేతిలో చింతపండు పక్కన పెట్టింది. "పెళ్ళైన కాడ్నుంచీ అడిగేదాన్నండి, రోజూ ఆ కల్వర్టు కాడ ఏటి సేత్తావని. ఊరికే అనీవోడు. నాకు ఒళ్ళు మండీది. కానీ బాబూ, అక్కడ్నుంచి వచ్చినప్పుడు మొకం నవ్వుతా ఉండీది. ఆఫీసులో ఎంత మాట పడినా, ఆ గోడకాడే వొగ్గేసి వొచ్చీవోడు. ఇప్పుడు కల్వర్టు నుంచి ఆఫీసునుంచొచ్చినట్టు వొస్తన్నాడు."

లోపలికి వెళ్ళాను. గవరయ్య లేచి కూర్చున్నాడు. శాలువాలు మంచం కింద కుక్కేసి ఉన్నాయి.

"అందరూ నిన్ను మెచ్చుకుంటున్నారు కదయ్యా," అన్నాను. అలాంటప్పుడు అనాల్సిన మాట నాకు ఇంకోటి తెలీదు.

"కూర్మారావు గారూ, నాకున్నది అదొక్కటేనండి," అన్నాడు. "అదీ ఒక పనైపోనాదండి."

  ఇంతా చేసి అతని దగ్గర మేము తీసుకున్నది గట్టిగా చెప్పాలంటే ఏమీ లేదు. అదే తీసుకున్నాం. సూరీడమ్మ టీ ఇస్తే తాగి వచ్చేశాను.

సోమవారం గవరయ్య మళ్ళీ వచ్చాడు. నడుం నొప్పని మెడికల్ సర్టిఫికెట్టు పెట్టి కూర్చునే డ్యూటీ నుంచి తప్పించుకున్నాడు. సాయంత్రమయ్యేసరికి డ్యూటీ పడిన విడత వేన్లో కల్వర్టుకు పోయేది, మిగతావాళ్ళు ఇళ్ళకు పోయేవారు. ఆఫీసులో అతనొక్కడే మిగిలేవాడు.

తరవాత అతనే చెప్పాడు ఏం జరిగిందో. మొదటిరోజు తన కుర్చీలోనే ఊరికే కూర్చున్నాడట. ఫ్యాను చప్పుడు, కిటికీలో పిచ్చుక, అంతే. చాలా రోజుల తరవాత హాయిగా అనిపించిందట. మర్నాడు కూడా కూర్చున్నాడు. ఎదురుగా బల్లమీద అర్జీల ఫైళ్ళున్నాయి. కల్వర్టు మీద బాతుల్ని చూసినట్టు వాటిని కాసేపు చూశాడు. పైనున్నది సాలెవీధిలో లైట్లు వెలగడం లేదన్న అర్జీ. చదివాడు. ఏం చెయ్యాలో తెలిసిందే కదా అని నోట్ రాసి పెట్టాడు. దాని కింద మేదరవీధి కుళాయి. దాని కింద ఆడపిల్లల బడిలో మరుగుదొడ్డికి తలుపు. రాసినవన్నీ పొద్దున్నే కమిషనర్ గారి బల్లమీదికి చేరేవి. 'ఊరికే' పథకం కాగితాలే అనుకుని కమిషనర్ గారు అన్నిటిమీదా చదవకుండా సంతకాలు పెట్టారు.

కొన్ని వారాలకు ఊళ్ళో ఏదో తేడా వచ్చింది. సాలెవీధిలో లైట్లు వెలిగాయి. మేదరవీధిలో నీళ్ళొచ్చాయి. బడికి తలుపొచ్చింది, గడియతో సహా. మేదరవీధి ఆడవాళ్ళు నలుగురు అరటిపళ్ళ గెల పట్టుకుని ఆఫీసుకొచ్చి, "ఎవరు బాబూ చేసినారు?" అని అడిగారు. మా ఆఫీసుకు అలా అడుగుతూ ఎవరూ రాలేదు అంతకుముందు. వచ్చినవాళ్ళంతా ఎందుకు చెయ్యలేదనే అడిగేవారు.

కమిషనర్ గారు కంగారుపడ్డారు. "పని జరిగింది! ఏ కార్యక్రమం కింద జరిగింది? ఎవరి అభిరుచి ఇది?"

ఎవరి అభిరుచీ కాదని విచారణలో తేలింది. గవరయ్యకు మెమో ఇచ్చారు. 'మీ సీటునందలి ఫైళ్ళు ఎవరి ప్రోద్బలమును లేకుండా కదలినట్లు గమనింపబడినది. ముఖ్య ఆసీన అధికారి హోదాలో ఉండి, కూర్చొనుటకు కేటాయించిన సమయమును పనికి వినియోగించి పథకమునకు భంగము కలిగించితిరి. సంజాయిషీ ఇవ్వవలెను.'

మళ్ళీ అదే మీటింగు హాలు. గవరయ్య నిలబడ్డాడు. నేను కాగితం, పెన్నూ పట్టుకుని కూర్చున్నాను. చిన్మయ్ గారు వేరే జిల్లాకు వెళ్ళిపోయారు. గెల బల్ల కింద ఉంది, మాగిన వాసన వస్తోంది.

"ఎవరు చెప్పారయ్యా నిన్ను?" అన్నారు కమిషనర్ గారు.

"ఎవరూ చెప్పలేదండి."

"ఎవరైనా ఏమైనా ఇచ్చారా?"

"అరటిపళ్ళండి. అవి కూడా తరవాత."

"మరి దేనికి చేశావు? ఈ లైట్లు, ఈ కుళాయిలు, ఈ తలుపు, ఇదంతా దేనికి?"

గవరయ్య కాసేపు ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు.

"ఊరికేనండి," అన్నాడు.

నేను రాయడం ఆపేశాను. చిన్మయ్ గారు రాసిన ముక్కలు నల్లబల్ల మీద ఇంకా అలాగే ఉన్నాయి. చారిత్రక ప్రాధాన్యం ఉందని చెరపనివ్వలేదు. ఊరు, కి, ఏ. నేను ఎవరికీ ఎదురు చెప్పే మనిషిని కాను. అయినా ఆ రోజు నా చెయ్యి దానంతటదే లేచి బల్లవైపు చూపించింది. "సార్," అన్నాను, "ఊరికేనట సార్."

కమిషనర్ గారు బల్లవైపు చూడనే లేదు. "ఊరికే ఏమిటయ్యా, ఊరికే! ప్రభుత్వ కార్యాలయంలో ఎవడైనా ఊరికే పని చేస్తాడా? నాకు తెలుగు రాదనుకున్నారా మీరిద్దరూ?"

ఆ విధంగా గవరయ్య, ఏమీ చెయ్యనప్పుడు ఊరికోసం చేసినవాడై, ఊరికోసం చేసినప్పుడు ఏ కారణమూ లేకుండా చేసినవాడయ్యాడు. మాట ఒకటే. రెండుసార్లూ రాసింది నేనే.

సస్పెన్షన్ ఆర్డరు ఆ సాయంత్రమే తయారైంది. నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. గవరయ్య వరండాలో నిలబడి మెల్లగా చదివాడు. ఒకచోట ఆగి, వేలు పెట్టి మళ్ళీ చదివాడు.

"ఇదేటండి కూర్మారావు గారూ? ఒకసారి పైకి చదవండి."

చదివాను. "విచారణ ముగియువరకు సదరు ఉద్యోగి కార్యాలయమునందు గాని, ఊరికే కేంద్రమునందు గాని, ఎట్టి విధులును నిర్వర్తించరాదు. ముందస్తు అనుమతి లేనిదే ఊరు విడిచి వెళ్ళరాదు."

"అంటే ఊళ్ళోనే ఉండాలి."

"ఆఁ."

"ఏ పనీ చెయ్యకూడదు."

"చెయ్యకూడదు."

"విచారణ ఎవరు చేత్తారండి?"

"మన ఆఫీసే."

గవరయ్య నవ్వాడు. సూరీడమ్మ చెప్పిన నవ్వు అదే అయ్యుంటుంది. ఆర్డరు నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, దణ్ణం పెట్టి, సాయంత్రపు ఎండలో మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

తరవాతి వారం నా డ్యూటీ పడితే వయొలిన్ పెట్టె పట్టుకుని కల్వర్టుకు బయల్దేరాను. సిమెంటు బాతుల ముందు నేపథ్య సంగీతం ఉంటే బాగుంటుందని పైనుంచి సలహా వచ్చింది. ఆర్చి ఇంకా కొంచెం దూరం ఉందనగా కాలవ గట్టు కింద ఎవరో కూర్చుని ఉండటం కనిపించింది. గవరయ్య. పెకలించి పారేసిన పాత గోడరాయి మీద కూర్చున్నాడు. ట్రాక్టర్లను మళ్ళించిన దారి అటే పోతోంది. ఎదురుగా కాలవ వంపులో నిజం బాతులు తిరుగుతున్నాయి. మైకు మోత అక్కడికి రాదు.

గట్టు దిగి వెళ్ళాను.  అతనేమీ అడగలేదు. కొంచెం పక్కకు జరిగాడు. పెట్టె కింద పెట్టి కూర్చున్నాను. రాయి పగలంతా ఎండలో ఉండి వెచ్చగా ఉంది. ఒక బాతు తల నీళ్ళలో ముంచి తీసింది. ఇంకోటి ముంచింది. అంతకుమించి ఏమీ జరగలేదు. జరగాలని కూడా నాకు అనిపించలేదు.

సైకిలు మీద పోతున్న పాలాయన ఎవరో నన్ను గుర్తుపట్టి కాలు ఆనించి ఆగాడు.

"ఏటి కూర్మారావు గారూ, ఇక్కడ కూకున్నారు? దేనికి?"

నేను ముందు గట్టు మీదికి చూశాను. తరవాత ఆర్చి వైపు చూశాను. ఎవరూ రాసుకోవడం లేదని ఖాయం చేసుకున్నాక, మెల్లగా చెప్పాను.

"ఊరికే."